గంజి పెట్టిన బొగ్గు

ఆదిలాబాద్ దిక్కు పోయినోళ్లు జలపాతం ముంగట నిలబడి ఫొటో దిగుతరు. నేను సుత ఒకటి దిగిన. దాంట్ల నా పండ్లు తప్ప ఏం కనవడది. తక్కినదంత బొగ్గు. ఇంటికొచ్చి ఫోన్ల చూపెడితే మా ఇంటామె కండ్లు చిన్నగ జేసి, "ఇందుట్ల నువ్వేడున్నవ్?" అన్నది. పై వరుసల నాకు ఒక పన్ను లేదు గద, ఆ సందును పట్టుకోని గుర్తువట్టింది. ఏడో తరగతిల బడి ఇడిచిపెట్టిననాటి సంది నన్ను గింత శ్రద్ధగ ఎవ్వలు చూడలే.

అడివి చూసేతందుకు పోలేదు నేను. బొగ్గు తెచ్చేతందుకు పోయిన. బొగ్గు కోసం గంత దూరమా అని మీరు అడుగుతరని ఎరికే. తోవ పొడుగుత అందరు గదే అడిగిండ్రు. వరుసగ చెప్త.

హుజూరాబాద్: ఆపా పెట్టిన షరతు

నేను నూలుకు రంగులద్దేటోన్ని. పేరు రాజేశం. నేతోళ్ల ఇంట్ల పుట్టిన గని మగ్గం మీద కూసుంటే నాకు నిద్రొచ్చేది. నేసిన గుడ్డల నిద్రపోయిన జాగ బాపుకు దొరికిపోయేది. అందుకే రంగుల దిక్కు మళ్లిన. రఫియా ఆపా ఇంటి ఎనుక రేకుల షెడ్డు కిరాయికి తీస్కోని, ఇటుకల పొయ్యి మీద పెద్ద గంగాళం పెట్టి పొద్దటి సంది నూలు ఉడకబెడ్త. కట్టెలు పచ్చియి దొరికిననాడు నా షెడ్డుల కెళ్లి ఇంజన్ రైలు పోతున్నట్టు పొగ లేస్తది. ఆ పొగ తిన్నగ ఆపా డాబా మీదికే పోతది.

ఒకనాడు ఆపా మెట్లు దిగొచ్చి షెడ్డు గుమ్మంల నిలబడ్డది.

"మాస్టర్, ఉతికిన బట్టలు మల్ల ఉతుకుతున్న. అది ఓర్సుకున్న. మా అమ్మీజాన్‌కు దమ్ము లేసి ఊపిరాడుత లేదు, అది ఓర్సుకోను. వచ్చే నెల దాక చూస్త. పొగ బందన్న గావాలె, షెడ్డు ఖాళీ అన్న గావాలె."

"ఆపా, పొగ నా మాట ఇంటదా? మీదికి పోకు, జర పక్కకెళ్లి పో అని చెప్పి చూస్త," అన్న.

ఆమె నవ్వలే. ఎప్పుడు నా మాటలకు ముందుగాల నవ్వేది ఆమెనే. ఆమె నవ్వకపోతే సంగతి గట్టిదన్నట్టు. రంగులేసేటోనికి ఇంకో షెడ్డు దొరుకుడు ఉత్తముచ్చట కాదు. మోరీల ఒకనాడు ఎర్రనీళ్లు, ఒకనాడు నీలం నీళ్లు పారితే ఎవలిస్తరు? గ్యాస్ పెడితే అద్దకం కూలి గ్యాసుకే సరి. ఆ షెడ్డు పోతే నా పని పోయినట్టే.

అప్పుడు మా బావమర్ది సదానందం వచ్చిండు. చీరెల మూట కట్టుకోని ఆసిఫాబాద్ దిక్కు వారం వారం అంగళ్లు తిరుగుతడు. "బావా, పొగ రాని బొగ్గు తెచ్చిన," అని అంగీ జేబుల చెయ్యి పెట్టి తీస్తే పిడికెడు నల్లపొడి వచ్చింది. తెల్ల అంగీ మీద జేబు కాడ పెద్ద మచ్చ. "బస్సెక్కినప్పుడు గట్టిగనే ఉండె," అని మొఖం ఏలాడేసిండు. అడుగున ఒక్క ముక్క మిగిలితే పొయ్యిల ఏసి ఊదినం. ఎర్రగ కణకణ మండింది. పొగ లేదు. ఆపాను పిలిచి చూపెట్టిన.

ఆపా ముక్కు పెట్టి చూసింది. "గిది తే. తెచ్చినంక నా తెల్ల చాదర్ షెడ్డు మీద దండెం కట్టి ఆరేస్త. పొద్దుగూకే దాక తెల్లగుంటే నువ్వుంటవ్. నల్లగయితే తాళం నాకిస్తవ్."

గోదావరిఖని: బస్సుల పంచాయితీ

కరీంనగర్ల బస్సు మారిన. పక్క సీట్ల గనుల పని చేసి రిటైరైన పెద్దమనిషి. పెద్దపల్లి దాటంగ మాట కలిపిండు.

"ఏడికి తమ్మీ?"

"ఆసిఫాబాద్ అవుతల ఓ ఊరికి."

"చుట్టాలున్నరా?"

"లేరు. బొగ్గు తేనీకి పోతున్న."

ఆయన నా మొఖం చూసిండు, కిటికీల కెళ్లి బయటికి చూసిండు. బయట బొగ్గు లారీలు బొగ్గు లారీల ఎనుక పోతున్నయి. రోడ్డు పక్కపొంటి మన్ను సుత నల్లగనే ఉన్నది. ఇగ ఆయన లేచి నిలబడి బస్సంత ఇనేటట్టు చెప్పిండు: "ఇగో, ఇనుండ్రి! గీ తమ్మి గోదావరిఖని దాటి పోయి బొగ్గు తెస్తడట!"

బస్సంత నవ్వు. కండక్టర్ అయితే బెల్లు కొట్టి, "దింపమంటవా అన్నా, గీడ కావల్సినంత ఉన్నది," అన్నడు. నేను సుత నవ్విన. నవ్వకపోతే మంచిర్యాల దాక నన్నే నములుతరు.

నవ్వులు అయినంక ఆయనకు ఆపా సంగతి చెప్పిన, అమ్మీజాన్ దమ్ము సంగతి చెప్పిన. ఆయనకు దగ్గు వచ్చింది, రుమాలు అడ్డం పెట్టుకున్నడు. "మా గనుల బొగ్గు ఆ ముసలామె పక్కన కాల్చకు తమ్మీ. నువ్వు పోయేదే కరెక్టు," అని సంచిల కెళ్లి పల్లిపట్టి తీసి సగం ఇరిచి నా చేతుల పెట్టిండు. దిగేటప్పుడు మల్ల మొదటి మనిషైపోయిండు: "తిరిగొచ్చేటప్పుడు సంచి దాచుకో. మా ఊరోళ్లు చూస్తే దొంగబొగ్గు అనుకుంటరు!"

ఆసిఫాబాద్: పోహా మీద సేవు

మా దిక్కు పొద్దున హోటల్ల కూసుంటే ఇడ్లి పెడ్తరు. ఆసిఫాబాద్ల మారు మాట లేకుంట పోహా పెట్టిండ్రు, అంటే మన అటుకులే. మీద సన్న సేవు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ. ఇరవై రూపాయలకు ప్లేటు నిండ. హోటలాయన తెలుగుల మొదలువెట్టి మరాఠీల ఖతం చేస్తడు. మా ఊర్ల తెలుగుల మొదలువెట్టి ఉర్దుల ఖతం చేస్తం. ఇద్దరం నడుమ తెలుగుల కలుసుకున్నం.

ఆన్నుంచి ఆటో. నా ఒడిల ఎవలిదో మేకపిల్ల. నా దగ్గర సంచిల సర్వపిండి ఉండె, మా ఇంటామె తోవకు చేసిచ్చింది. ఊరు వచ్చేసరికి సర్వపిండి లేదు, మేకపిల్ల మూతికి నువ్వులు అంటుకోని ఉన్నయి. తిట్టుదామంటే మేకదే సీటు, నేనే ఎక్కువ.

ఎండకాలం మొదట్ల పోయిన. ఇప్పచెట్ల కింద పొద్దున్నే ఆడోళ్లు, పిల్లలు వంగి పూలు ఏరుతున్నరు. ఊరంత తియ్యటి వాసన. మన దిక్కు ఇప్పపువ్వంటే సారా ఒక్కటే యాదికొస్తది మనోళ్లకు. ఆడ ఎండబెట్టి, వేయించి, బెల్లం కలిపి లడ్డూలు చేస్తరు. నేను నాలుగు తిన్న. నిద్ర ఏం రాలే, మీరు ఏమనుకుంటున్నరో నాకెరికే.

టేకు తోట: మారుబాయి భట్టి

అది గోండుల ఊరు, సదానందం బొగ్గు తెచ్చిన ఊరు. బొగ్గు చేసే ఆడోళ్ల సంఘానికి పెద్ద మారుబాయి. నడీడు మనిషి, మాట గట్టిది. "రాంరాం దాదా," అని లోటతోని నీళ్లిచ్చి, నేను తాగేదాక ఆగి అడిగింది: "ఎన్ని సంచులు?"

"ముందుగాల చూడనీయ్ బాయి."

"చూసేటోళ్లు బగ్గ వచ్చిండ్రు. కొనేటోళ్లే రాలే."

తెల్లారి టేకు తోటకు తీస్కపోయింది. అప్పుడు నాకు సంగతి తెలిసింది. టేకు మొక్కలు మొదలు దగ్గర దగ్గర పెడ్తరట. పెరిగినంక నడుమ నడుమ కొన్నిటిని కొట్టి పలచగ చేస్తరు. సీట్ల ముగ్గురు ఇరుక్కోని కూసున్నప్పుడు ఒకడు దిగిపోతే తక్కినోళ్లు ఒళ్లు ఇరుచుకుంటరు సూడు, చెట్లు సుత గట్లనే లావెక్కుతయి. కొట్టినదాంట్ల తిన్నగ ఉన్న వాసాలు కట్టెల డిపోకు పోతయి. కొమ్మలు, కొసలు, వంకర కట్టెలు ఆడనే పడి ఉంటయి.

"వంకరయి ఎవలు అడుగరు," అన్నది మారుబాయి.

"నన్ను సుత బడిల గట్లనే ఇడిచిపెట్టిండ్రు బాయి."

"నువ్వు సుత ఎండినవా మరి? ఎండితే పనికొస్తవ్."

మోపులు నెత్తిన పెట్టుకోని ఊరి బయట భట్టి కాడికి తెచ్చినం. భట్టి అంటే పెద్ద ఇనుప డ్రమ్ము. కొమ్మలు నిలువుగ పేర్చి మీదికెళ్లి అంటుపెట్టిండ్రు. గుప్పున తెల్లపొగ.

"బాయీ, గిదేంది? నేను పొగ లేనిది గావాల్నని వస్తే, మా ఆపా ఇంటి పొగ తెచ్చి మీకు పెట్టినట్టయితుంది గద?"

ఆమె డ్రమ్ము పక్కన పైపు చూపెట్టింది. పొగను మల్ల తిప్పి కిందికెళ్లి మంటలకే పంపుతది. జరసేపట్ల తెల్లపొగ పలచబడ్డది. "ఈ కొమ్మలు ఆడనే ఇడిస్తే ఎండకాలం ఒక్క బీడీ ముక్క చాలు దాదా. ఒకసారి మా తోటంత అంటుకున్నది. నిప్పును పచ్చి కొమ్మలతోని కొట్టుకుంట ఆర్పినం. గా పొగ చూసినోళ్లకు గీ పొగ ఏం లెక్క?"

పొగ నీలం తిరగంగనే మూత పెట్టి, సందులన్ని తడిమట్టితోని మెత్తిండ్రు. లోపటి మంటకు గాలి దొరకదు. కట్టె బూడిద గాకుంట బొగ్గయి కూసుంటది. తెల్లారి మూత తీసేటప్పుడు అందరికంటే ముందుగాల చూడాల్నని నేను తలకాయ పెట్టిన. అప్పుడే గాలొచ్చింది. నేను చెప్పిన ఫొటో గప్పటిదే.

బస్సు పరీక్ష

బొగ్గును దంచి, పుట్టమన్ను, పేడ కలిపి, చేతి మిషిన్ల ఒత్తి బిళ్లలు చేస్తరు. నడుమ బొక్క, అచ్చం గారెల లెక్క. ఎండినయి ఒక సంచిల నింపి ఇచ్చిండ్రు. నేను సంచిని నడుమెత్తు లేపి ధబ్బున ఇడిచిపెట్టిన. మల్ల లేపి ఇడిచిన.

"ఏం దాదా! మా బిళ్లలు నీకేం పాపం చేసినయ్?"

"కోపం చెయ్యకు బాయి. బస్సెక్కిస్తున్న. మా కండక్టర్లు గిట్లనే ఏస్తరు."

సంచి ఇప్పితే సగానికి సగం పొడి. మారుబాయి మొఖం వాడిపోయింది. కాగజ్‌నగర్ల ఒక హోటలాయన సుత గిదే అన్నడట: మంచిగ కాలుతయి గని పొడి ఏం జేస్కోవాలె అని. నాకు సుత దిగులు పట్టుకున్నది. ఊర్ల చాదర్ ఆరేసేతందుకు ఆపా ఎదురుచూస్తుంది. నేను పొడి తీస్కపోతే తాళం ఇచ్చుడే.

అప్పుడు నాకు బాపు యాదికొచ్చిండు. పోగులు తెగకుంట పడుగుకు గంజి పట్టించుట్ల బాపుకు పేరుండె. నూలును గట్టిచేసే గంజి బొగ్గును గట్టిచెయ్యదా? "బాయీ, మన్ను బందుపెట్టు. గంజి కాస్త," అన్న.

మారుబాయి అత్త గడపల కూసోని ఇప్పపూలు చెరుగుతుంది. ముసలామె. తెలుగు అర్థమయితది గని మాట్లాడది. చేట ఆపి గోండి భాషల ఏదో అన్నది. కోడలు చెప్పింది: "తినే గింజ పొయ్యిల పెడ్తమా అంటుంది. పెట్టనియ్యదు."

ముసలామె మాట నాకు నచ్చింది. గని గంజి లేకుంటే పని కాదు. నలుగురం కూసోని ఆలోచన చేస్తే సంఘంల ఒకామె చెప్పింది: పిండి గిర్ని కాడ కింద పడ్డ పిండి ఊడ్చి రోజు పారబోస్తరు, అందుట్ల మన్ను, పురుగు, ఎవలు తినరు. ముసలామె తలకాయ ఊపింది. గిర్ని ఊడ్పు వచ్చింది. అడివి పారేసింది, గిర్ని పారేసింది, బడి పారేసిన నేను. ముగ్గురం ఒక్క పొయ్యి కాడ కలిసినం.

గంజి నేనే కాసిన. బొటనేలుకు, చూపుడేలుకు నడుమ తీగ సాగాలె. తెగితే పలచన, సాగకపోతే చిక్కన. నా గంజి సాగింది. ఆడోళ్లంత చుట్టు నిలబడి చూస్తుండ్రు. గప్పుడు ఆగితే అయిపోతుండె. నేను ఆగలే.

"గంజి ఉత్తదే ఏస్తే బూజు పడ్తది, ఎలుకలు కొరుకుతయి. మా దగ్గర దానికి మందుంది," అని ఆటో ఎక్కి ఎరువుల దుకాణంకు పోయి మైలుతుత్తం తెచ్చిన. నీలం రంగు పలుకులు. బాపు గంజి కాసినప్పుడల్ల చిటికెడు ఏసేటోడు. నేను సగం గంజి ఇంకో గిన్నెలకు వంపి, దాంట్ల పిడికెడు ఏసిన.

"ఏం మందు దాదా?" అన్నది మారుబాయి.

"అది మా ఇంటి గుట్టు బాయి."

ఆమె మిగిలిన గంజి గిన్నెను తన దిక్కు జరుపుకున్నది. "సగం నీ మందుతోని ఒత్తుదాం. సగం ఉత్త గంజితోని ఒత్తుదాం," అన్నది. నా గుట్టు మీద నమ్మకం లేదని నాకు జర నారాజ్ అయింది. ఇప్పుడు ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపిస్తది.

వాకిట్ల సగం ఇప్పపూలు, సగం బొగ్గు బిళ్లలు ఆరేసినం. అవి ఎండేదాక నాకు పని లేదు. జొన్నరొట్టె, పప్పు తినుడు, కోళ్లను అదిలించుడు. రొట్టెను వాళ్లు అరచేతులతోని కొడితే పళ్లెం లెక్క గుండ్రంగ వస్తది. నేను కొడితే మన రాష్ట్రం మ్యాపు వచ్చింది. అది నాకే పెట్టిండ్రు.

పచ్చ మంట

ఎండినంక మల్ల బస్సు పరీక్ష పెట్టిన. నడుమెత్తు కాదు, భుజాల ఎత్తుకెళ్లి ఏసిన. ఒక్క బిళ్ల పగులలే. మారుబాయి సంబురంతోని సంఘం అందరిని చాయ్‌కి పిలిచింది. "నీ మందు బిళ్లలతోనే పెడ్త దాదా," అన్నది, మర్యాద కోసం.

పొయ్యి అంటుకున్నది. పొగ లేదు. నేను మీసం మీద చెయ్యేసిన. జరసేపటికి చాయ్ గిన్నె కిందికెళ్లి మంట లేచింది. ఆకుపచ్చ మంట. చిలుక రెక్క రంగు. నడుమ నడుమ నీలం. నేను జీవితంల ఎన్ని రంగులు కలిపినా గింత మంచి పచ్చ నాకు పడలే.

ఆడోళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకోని ఎనుకకు జరిగిండ్రు. ముసలామె లేచి, గిన్నె దించి, దడి అవుతలకు పోయి చాయ్ అంత పారబోసి వచ్చింది. మల్ల పోయి ఆ దిక్కు కెళ్లి కోళ్లను సుత అదిలించి వచ్చింది. ఖాళీ గిన్నె తెచ్చి నా ఒడిల పెట్టింది.

"ఏం మందేసినవ్ దాదా?" అన్నది మారుబాయి, మెల్లగ.

"మైలుతుత్తం."

"పత్తి చేన్లకు కొట్టే మందా?"

"నూలు గంజిల ఏస్తరు బాయి. మా బాపు ఏసేటోడు. ఎప్పుడు ఏం కాలే."

"మీ నూలును మీరు పొయ్యిల పెడ్తరా?"

మాటకు మాట అప్పగించేటోన్ని, ఖాళీ గిన్నెను ఒడిల అటు ఇటు తిప్పిన. ముందుగాల ముసలామె నవ్వింది, పండ్లు లేని నోటితోని, పొట్ట పట్టుకోని. ఆమె ఎనుక అందరు. ఇగ నేను సుత.

మందు లేని బిళ్లలతోని మల్ల చాయ్ పెట్టిండ్రు. మంట ఎర్రగ, మర్యాదగ మండింది. ఆ చాయ్ తాగుకుంట మాట ఖాయం చేస్కున్నం. ఉత్త గంజి బిళ్లలు సంఘం చేస్తది, చాదర్ తెల్లగుంటే సదానందం వారం వారం అంగడి కెళ్లి వచ్చేటప్పుడు నాకు తెస్తడు. మందు బిళ్లలను మాత్రం మారుబాయి ఊర్ల ఉండనియ్యనన్నది. "ఏ పొయ్యిల కూడ పోవద్దు. నువ్వు చేసినయి నువ్వే తీస్కపో. గుంత తీసి పూడ్చు."

రెండు సంచులకు రెండు లగేజీ టికెట్లని, ఒక్క పెద్ద సంచిలనే అడుగున నా పాపం, నడుమ పాత చీర ముక్క, మీద మంచి బిళ్లలు పెట్టి కుట్టినం. మంచిర్యాల్ల కండక్టర్ సంచిని తలకిందులు చేసి ఏసిండు. గోదావరిఖనిల ఎవరో, "ఏంది సంచిల?" అంటే నేను, "మామిడికాయలు," అన్న. పెద్దమనిషి చెప్పిన మాట ఇన్న.

హుజూరాబాద్: చాదర్

తెల్లారి ఆపా తెల్ల చాదర్ తెచ్చి షెడ్డు రేకుల మీద దండెం కట్టి ఆరేసింది. పెండ్లిళ్లకు పరిచే చాదర్, పాల లెక్క ఉన్నది. షెడ్డుకు ఏసేతందుకు కొంగున కొత్త తాళంకప్ప కట్టుకోనే వచ్చింది.

నేను సంచి ఇప్పి బిళ్లలు ఏరి ఏరి పొయ్యిల పెట్టిన. చీర ముక్క ఎప్పుడో నలిగి అడుగున పడ్డది. మంచియి, నాయి చూపుకు ఒక్క తీరే ఉన్నయి, వాసన చూస్తే బొగ్గు వాసనే. జర నీలం చార ఉన్నయి పక్కకు తీసిన. గంగాళం ఉడికింది. నూలుకు మెరూన్ రంగు మంచిగ ఎక్కింది. పగటాల అమ్మీజాన్ డాబా అంచుకు వచ్చి కుర్చీ ఏస్కోని కూసున్నది. చలికాలం సంది ఆమె బయటికి వచ్చుడు నేను చూడలే. దగ్గు ఇనవడలే. నేను పని ఆపి మీదికి చూసుకుంట నిలబడితే, "కామ్ కరో బేటా," అన్నది.

పొద్దుగూకంగ ఆపా చాదర్ దించి, ఎలుగుల పట్టుకోని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ముక్కు కాడ పెట్టుకోని చూసింది. ఒక్క మసి చుక్క లేదు. మడత పెట్టి చంకల పెట్టుకున్నది. కొంగు ముడి ఇప్పి తాళంకప్ప నా చేతుల పెట్టింది. "నువ్వే ఏస్కో. రాత్రి షెడ్డు తెరిచి ఇడువకు," అన్నది.

నేను ఛాతి ఎక్కపెట్టి, "చూసినవా ఆపా, రాజేశం ఒక పని పట్టుకుంటే గిట్లుంటది," అన్న.

అప్పుడే పొయ్యిల ఏదో టప్పుమన్నది. నేను ఏరుట్ల తప్పించుకున్న బిళ్లలు ఒకటో రెండో ఉన్నట్టున్నయి. గంగాళం కిందికెళ్లి చిలుకపచ్చ మంట లేచి, నడుమ నీలం తిరిగి, షెడ్డు గోడలన్ని పచ్చగ మెరిసినయి. నేను పటకారుతోని వాటిని గుంజుదామని వంగిన.

ఆపా గుమ్మంల నిలబడి ఆ మంటను చూసింది, నా మొఖం చూసింది. నెల దినాల సంది నవ్వని మనిషి పక్కున నవ్వింది.

"అరె మాస్టర్, పొగ తియ్యమన్న గని, మంటకు సుత రంగెయ్యమన్ననా?"